అంగన్‌వాడీ బిడ్డల మాటను గూర్చి

గౌరవనీయులైన అనకాపల్లి జిల్లా కలెక్టరు గారి సముఖమునకు నమస్కారపూర్వకముగ వ్రాయునది:

1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము, మూడేండ్లు మొదలు ఆరేండ్లవరకు గల శిశువులకు పౌష్టికాహారముతోపాటు పూర్వప్రాథమిక విద్యనుగూడ నిర్దేశించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆ విద్యకు మరింత ప్రాధాన్యము నొసగినది. అయినను, పలకపై 'అ' దిద్దిన బిడ్డను జూచి మురియు మనము, ముందువెనుకలు, నిండువెలితులు, హెచ్చుతగ్గులు ఆ బిడ్డ మాటలో పట్టువడినవో లేవో విచారింపము.

వీనికి వేరు పాఠ మక్కరలేదు. మధ్యాహ్నము ఉడికిన గ్రుడ్డు ఒలుచునపుడు, పైన పెంకు, లోపల తెల్లసొన, దాని లోపల పచ్చసొన యని అంగన్‌వాడీ కార్యకర్త తాను పలుకుచు, బిడ్డచేత పలికించుచు, బిడ్డ తడుముకొనునపుడు తొందరపడి అందింపక ఓపికతో వేచియున్నచో, ఆ భావము చేతికిని నోటికిని ఒక్కసారిగ నందును. చేతులు కడుగునపుడు మొదట నీళ్లు, తరువాత సబ్బు, మరల నీళ్లు. ఇంట బెల్లపుముక్క పంచునపుడు పెద్దది, చిన్నది, చెల్లెలికి సగము. ఆ పలుకులలో మన ఉత్తరాంధ్ర యాస వినవచ్చినచో దానిని దిద్దుటకై సంభాషణ నాపరాదని నా దృఢవిశ్వాసము.

కావున, కార్యకర్తల నెలవారీ సమావేశములలో ఒక గంట ఇట్టి సంభాషణాభ్యాసమునకు కేటాయింపవలెననియు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో వారు చేయు నమోదులు బిడ్డల భోజనవేళకు అడ్డురాకుండునట్లు ఉత్తరువు లీయవలెననియు, తల్లులను వారమున కొకమారు ఆ వేళ కేంద్రమునకు పిలిపింపవలెననియు ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
అనకాపల్లి పట్టణ వాసి