ఇంటికి ఎంత కరెంటు?

స్కాట్లాండ్ పడమటి సముద్రంలో ఎగ్ అని ఒక చిన్న దీవి ఉన్నది. జనం వంద మంది దాకా. మన రెండు మూడు చాళ్ల జనం అనుకోండి. పెద్ద కరెంటు లైను అక్కడికి లేదు. చాన్నాళ్లు ఎవరి ఇంటికి వాళ్లు డీజిల్ జనరేటర్ నడుపుకున్నరు. 1997ల ఊరోళ్లు ట్రస్టు పెట్టి, ఆ దీవిని యజమాని దగ్గర కొన్నరు. 2008 ఫిబ్రవరిల సొంత కరెంటు మొదలైంది. వాగు నీళ్లు, గాలి, ఎండ, ఈ మూడింటితోని. చలికాలం వాన, గాలి ఆదుకుంటయి. ఎండాకాలం వాగు సన్నబడితే సోలార్ పలకలు ఉన్నయి. మూడూ చాలని రోజున డీజిల్.

మధ్యల బ్యాటరీలు. సాంచాల మీద పని చేసినోళ్లకు ఇది తొందరగ తెలుస్తది. కండెలు చుట్టే మిషను గంట సేపు ఆగినా సాంచాలు ఆగవు, కండెల పెట్టె నిండుగ ఉంటది గనక. బ్యాటరీ ఆ పెట్టె వంటిదే. కాని లెడ్ బ్యాటరీని అడుగంట వాడితే తొందరగ చెడిపోతది, అందుకే అంతకంటె ముందే జనరేటర్ నడుపుతరు. బ్యాటరీ నిండి కరెంటు మిగిలితే, చర్చిల, ఊరి హాలుల హీటర్లు వాటంతట అవే వేడెక్కుతయి.

నాకు బాగ నచ్చింది ఇంకొకటి. ఒక్కో ఇల్లు ఒక్కసారికి 5 కిలోవాట్లే వాడాలె, దుకాణం వంటివి 10. దాటితే ఆ ఇంటి కరెంటే పోతది, పక్కింటిది పోదు. ఎంత వాడుతున్నమో చూసుకునేటందుకు ఇంటింటికీ చిన్న మీటరు ఉంటది. ఉన్నోడైనా లేనోడైనా అదే హద్దు.

ఇప్పుడు మన చాల్ మీద కూడ పలకలు, బ్యాటరీ పెడదామని మాట నడుస్తున్నది. లైను పోతే అందరికీ దీపం, ఫ్యాను. మంచిదే. పలకలు ఎన్ని, చందా ఎంత అని అందరూ అడుగుతున్నరు. ఇంటికి ఎంత అని కాగితం మీద ఎవరూ రాయలేదు. రెండు ఫ్యాన్లు, ఒక ట్యూబులైటు అంటే 200 వాట్ల లోపు. ఒక్క ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు. అంటే ఐదిండ్ల గాలి ఒక్క చొక్కా మడత కిందికి పోతది! ఎక్కువ చందా ఇచ్చినోళ్లకు ఎక్కువ కరెంటు అంటే నేను ఒప్పుకోను. పొద్దంతా పని చేసి వచ్చి పండుకునే పిల్లలకూ ఫ్యాను కావాలె గద.

ఇంటింటికీ ఒక ఆంపియరు ఎంసీబీ పెడితే చాలు, పలకల ఖర్చు ముందట దాని ఖర్చు ఎంతని? చందా పుస్తకం తీయకముందే ఈ ముక్క రాయించుకోండి. బ్యాటరీల డిస్టిల్డ్ వాటర్ ఎవరు పోస్తరో, ఆ పేరు కూడ రాయించుకోండి.