రిబ్బన్‌కి ఊహించి రంగు వేయొద్దు

పాత మిలటరీ ఫొటోలకు కంప్యూటర్‌తో రంగులు వేయడం ఇప్పుడు ఊరూరా మామూలైపోయింది. ఆగస్టు 15 వస్తుందంటే తాతగారి నలుపు తెలుపు ఫొటోని పెద్దది చేసి, యూనిఫాంకి ఆకుపచ్చ, బుగ్గలకి గులాబీ, ఛాతీ మీది పతకాలకి తోచిన రంగులు పెట్టి ఫ్లెక్సీ కట్టేస్తున్నారు. ముఖానికి రంగు వేసినా, చొక్కాకి వేసినా నాకు అభ్యంతరం లేదు. పతకాల రిబ్బన్లకి మాత్రం వేయొద్దంటున్నాను. నాది తాడేపల్లిగూడెంలో ఫొటో స్టూడియో. మా పక్కనే ఉన్న మిలటరీ మాధవరం, రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు. ఇలాంటి ఫొటోలు నా బల్ల మీదికి తరచూ వస్తుంటాయి.

ఏ దేశం ఇచ్చింది, ఏ యుద్ధంలో ఇచ్చింది అన్నది రిబ్బన్ చారలే చెబుతాయి. ఫ్రాన్స్ వాళ్ల 'క్రువా ద గేర్' చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇచ్చినదానికి ఆకుపచ్చ రిబ్బన్ మీద సన్నటి ఎర్ర చారలు. రెండో యుద్ధంలో ఇచ్చినదానికి ఎర్ర రిబ్బన్ మీద ఆకుపచ్చ చారలు. ఈ రెండు రంగులూ తారుమారైతే 1915లో ఫ్రాన్స్ కందకాల్లో నిలబడ్డ మనిషి కాస్తా హిట్లర్ కాలపు సైనికుడైపోతాడు. పేరు మార్చి రాయడానికీ దీనికీ నాకు తేడా కనిపించదు.

పాత ఫొటోలోని నలుపును చూసి అసలు రంగు చెప్పేయడం కుదరదు. అప్పటి స్టూడియోల్లో ఎక్కువగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు అందదు. ఎర్రటి రిబ్బన్ దాదాపు నల్లగా పడుతుంది, నీలం వెలిసిపోయినట్టు తెల్లబారుతుంది. ఫ్రాన్స్ వాళ్ల లీజియన్ ఆఫ్ ఆనర్ రిబ్బన్ మొత్తం ఎరుపే. అలాంటి ఫిల్ము మీద అది నల్ల పట్టీలా ఉంటుంది. రంగులు వేసే యాప్ దాన్ని నలుపనో, ముదురు నీలమనో నిర్ణయించేస్తుంది. ఆ ఫొటో ఫోన్లలో తిరుగుతుంది, పేపర్లోకి కూడా ఎక్కుతుంది. అసలు ప్రింటు అటక మీదే ఉండిపోతుంది.

నేనైతే ముందు రంగు జోలికి పోను. భూతద్దం పెట్టి వరసలో చివరిది చూస్తాను. సొంత ప్రభుత్వం ఇచ్చినవి ముందు, విదేశాలు ఇచ్చినవి చివర పెట్టుకోవడం బ్రిటిష్ కాలం నుంచీ ఉన్న నియమం. మన సైన్యమూ దాన్నే పాటిస్తోంది. వరస ఛాతీ మధ్య నుంచి ఎడమ భుజం వైపు సాగుతుంది కాబట్టి, చూసేవాళ్లకి కుడి చివర ఉన్నదే విదేశీ పతకం అయ్యే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత ఆకారం చూడాలి, చారల వెడల్పు చూడాలి, రిబ్బన్ మీద ఏదైనా గుచ్చి ఉందేమో చూడాలి. క్రువా ద గేర్ రిబ్బన్ మీద చిన్న కంచు తాళపత్రం ఉంటే, ఆ ప్రశంస ఆర్మీ స్థాయిలో వచ్చిందని అర్థం. నక్షత్రం ఉంటే అంతకన్నా కింది స్థాయిది. ఇవన్నీ నలుపు తెలుపులోనే స్పష్టంగా కనిపిస్తాయి.

అందరూ తడబడేది ఎర్ర నక్షత్రం దగ్గర. 1944లో సోవియట్ యూనియన్ ఇద్దరు భారతీయులకు ఆర్డర్ ఆఫ్ ది రెడ్ స్టార్ ఇచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ వాడైన సుబేదార్ నారాయణరావు నిక్కం, పితోరాగఢ్ ప్రాంతపు హవల్దార్ గజేంద్ర సింగ్. ఇద్దరూ రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ వాళ్లు. ఇరాన్ మీదుగా సోవియట్ సేనలకు సరుకు చేరవేసిన దళాల్లో పనిచేశారు. ఆ పతకం రిబ్బన్‌కి వేలాడదు. వెనక మర ఉంటుంది, కోటుకి రంధ్రం చేసి నట్టు బిగిస్తారు. 1943 నుంచి దాన్ని కుడి ఛాతీ మీద పెట్టుకోవాలన్నది నియమం. ఈ సంగతి తెలియనివాళ్లకి అలాంటి ఫొటో ఇస్తే నెగటివ్ తిరగబడిందనుకుని కంప్యూటర్లో కుడిఎడమలు మార్చేస్తారు. అలా మార్చేముందు కోటు గుండీలు చూడాలి. మగవాళ్ల కోటుకి ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తుంది. అలాగే ఉంటే ఫొటో సరిగ్గానే ఉంది, నక్షత్రమూ దాని చోట అది ఉంది.

పొరపాటు ఎదురు దిశలోనూ జరుగుతుంది. ఒక కుర్రాడు ఫొటోతోపాటు పతకం కూడా తెచ్చి, "ఇది ఇటలీ ప్రభుత్వం ఇచ్చిందండి, ఫ్లెక్సీ మీద అలాగే రాయండి" అన్నాడు. రిబ్బన్ మీద ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, అచ్చం ఇటలీ జెండా రంగులే. అది ఇటలీ స్టార్. ఇటలీలో యుద్ధం చేసినవాళ్లకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన నక్షత్రం. "మరి చిన్నదాండి?" అని అడిగాడు. చిన్నది కానే కాదు బాబూ అన్నాను. నాలుగో, ఎనిమిదో, పదో ఇండియన్ డివిజన్లు ఆ కొండల్లో రక్తం ధారపోశాయి. ఉన్నదాన్ని ఉన్నట్టు రాస్తేనే ఆ తాతగారికి గౌరవం. విదేశ్ సేవా మెడల్‌ది కూడా ఇదే కథ. పేరులో విదేశం ఉన్నా ఇచ్చింది మన ప్రభుత్వమే. ఐక్యరాజ్యసమితి పతకాలు వేరు, వాటికి ఒక్కో మిషన్‌కి ఒక్కో రిబ్బన్. 1956 తర్వాత గాజాలో పనిచేసిన మనవాళ్లకు ఇచ్చినదాంట్లో సినాయ్ ఇసుక రంగు ఉంటుంది.

పెద్ద అధికారుల ఫొటోలైనా ఇంతే జాగ్రత్తగా చూడాలి. జనరల్ కరియప్పకి అమెరికా ఇచ్చిన లీజియన్ ఆఫ్ మెరిట్‌లో చీఫ్ కమాండర్ శ్రేణిది ఛాతీకి తగిలించుకునే నక్షత్రం. దాని కింది కమాండర్ శ్రేణిది మెడలో వేసుకునేది. పతకం ఎక్కడుందో చూడకపోతే శ్రేణి మారిపోతుంది.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది వేరే ఉంది. మొదటి యుద్ధంలో బ్రిటిష్ వాళ్లిచ్చిన వెండి మెడల్ అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. క్రువా ద గేర్ లాంటి విదేశీ పతకాల మీద మామూలుగా పేరుండదు. కాగితం పోయి, ఫొటో రంగులు మారిపోయి, పతకం ఒక్కటే మిగిలితే అది ఎవరిదో చెప్పే దారి లేదు. రెడ్ స్టార్‌కి కనీసం వెనక నంబరుంటుంది.

అందుకే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఏడాదికోసారైనా ఊళ్లలో శిబిరం పెట్టి ఫొటోలు, పతకాలు, కాగితాలు ఒకచోట స్కాన్ చేయించాలి. ఫొటో వెనక వైపు కూడా స్కాన్ చేయాలి, స్టూడియో ముద్ర, తేదీ ఉండేది అక్కడే. పత్రికలు రంగు వేసిన ఫొటో అచ్చువేస్తే 'రంగులు తర్వాత చేర్చినవి' అని కింద రాయాలి. ఇళ్లలో చింతపండు పెట్టి తోమడం మానాలి, అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి. నా స్టూడియోకి వచ్చినవాళ్లకి నేను యూనిఫాం వరకే రంగు వేసి, రిబ్బన్లను నలుపు తెలుపులోనే ఉంచి ఇస్తున్నాను. పతకం తెచ్చి చూపిస్తే అప్పుడే వాటికీ వేస్తాను.