తుపాకీకి ఒక కాగితం, పేల్చడానికి ఇంకో కాగితం

2021 ఫిబ్రవరిలో ఎన్నికైన పంచాయతీల అయిదేళ్ల గడువు 2026తో తీరిపోతుంది. ఊళ్లలో మళ్లీ సర్పంచ్ ఎన్నికలంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో రెండు పనులు మామూలుగా జరుగుతాయి. పాత కేసులున్నవాళ్లను పిలిచి బైండోవర్ చేస్తారు. లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లకు స్టేషన్ నుంచి ఫోన్ చేసి, తెచ్చి జమ చేయమంటారు. ఊళ్లో తుపాకీ గురించి మాట వచ్చేది దాదాపు ఆ నెలరోజులే. మిగతా రోజుల్లో దాని సంగతి తెలిసినవాళ్లు మాట్లాడరు, మాట్లాడేవాళ్లకు తెలియదు.

పల్నాడు పేరు చెబితే బయటివాళ్లకు బాంబులు, కత్తులే గుర్తొస్తాయి. 2024 మే 13న పోలింగ్ రోజు మాచర్ల, నరసరావుపేట వైపు జరిగిన గొడవలు దేశమంతా చూసింది. మూడు రోజుల తర్వాత ఎన్నికల సంఘం పల్నాడు ఎస్పీని సస్పెండ్ చేసింది, కలెక్టర్‌ను బదిలీ చేసింది. అయితే ఆ గొడవల్లో జనం చూసినవి కర్రలు, రాళ్లు. తర్వాత పోలీసులు ఇళ్లు సోదా చేస్తే దొరికినవి పెట్రోలు సీసాలు. తన పేరు, ఫొటో, తుపాకీ నంబరు అన్నీ కలెక్టరేట్ రికార్డులో ఉన్నవాడు అదే తుపాకీ పట్టుకుని వీధి గొడవకు వెళ్లడు. వెళ్తే దొరకడానికి గంట పట్టదు. కాబట్టి లైసెన్సు తుపాకీని చూసి భయపడటం కొంచెం ఎక్కువే. దాన్ని చూసుకుని ధైర్యపడటం కూడా ఎక్కువే.

ఇంతకీ లైసెన్సు ఎవరికి ఇస్తారు? "పెద్దోళ్లకే ఇస్తారు, మన పేరు చూస్తే అసలే ఇవ్వరు" అనే మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. వెరిఫికేషన్ అంటేనే వెనకడుగు వేసేవాళ్లు ఉన్నారు, ఆ భయానికి కారణాలు లేకపోలేదు. కానీ చట్టంలో ఉన్నది వేరు. 1878 నాటి బ్రిటిష్ ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు పెట్టి, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. దాని స్థానంలో 1959లో వచ్చిన చట్టం ఆ తేడా తీసేసింది. 13వ సెక్షన్‌లో రైతు గురించి ప్రత్యేకంగా రాశారు. పంట కాపాడుకోవడానికి మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్సు అడగొచ్చు. అది సరిపోదని అధికారికి అనిపిస్తే, లోపల గాడులు లేని మామూలు గొట్టం తుపాకీకి కూడా ఇవ్వొచ్చు. 14వ సెక్షన్ ఇంకో మంచి మాట చెబుతుంది: ఆస్తి తక్కువ ఉందన్న ఒక్క కారణంతో లైసెన్సు కాదనకూడదు. కాదంటే కారణం రాతలో నమోదు చేయాలి. మామూలుగా దరఖాస్తుదారు అడిగితే ఆ కారణం చెప్పాలి కూడా. దాని మీద అప్పీలు చేసుకునే హక్కు ఉంది.

వయసు 21 నిండాలి. 2016 నాటి నిబంధనల ప్రకారం తుపాకీ జాగ్రత్తగా వాడటంలో శిక్షణ తీసుకోవాలి, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు చూపించాలి. 2019 డిసెంబరు సవరణతో ఒకరి పేరు మీద ఉండగలిగే తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. లైసెన్సు లేకుండా దొరికితే శిక్ష కూడా అదే సవరణతో పెరిగింది. మామూలు నాటు తుపాకీ ఇంట్లో ఉన్నా ఇప్పుడు రెండేళ్లకు తగ్గకుండా జైలు. "మా తాతల నాటిది, గోడకు వేలాడదీశాం" అంటే పోలీసు వినడు.

అసలు చిక్కు లైసెన్సు వచ్చాక మొదలవుతుంది.

నల్లమల అంచున ఉన్న మాచర్ల, దుర్గి, బొల్లాపల్లి, యర్రగొండపాలెం వైపు చేలకు అడవి పంది పెద్ద బాధ. మొక్కజొన్న, వేరుశనగ అయితే తినేస్తుంది. మిర్చి కాయ జోలికి రాకపోయినా వేళ్లు, పురుగుల కోసం నేల తవ్వి మొక్కలు పడేస్తుంది. పాత చీరలు కట్టి, డబ్బాలు మోగించి, మంచె మీద రాత్రంతా కూర్చుని కాపలా కాస్తారు. పంట కాపాడుకోవడానికే కదా లైసెన్సు ఇచ్చారు, పందిని కాల్చొచ్చు కదా అని రైతు అనుకోవడంలో తప్పు లేదు. కానీ ఆ లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికి మాత్రమే. అడవి పంది 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద ఉంది. 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూల్‌లో ఉంది. పంటకు నష్టం చేస్తున్నదాన్ని చంపాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అటవీ అధికారి గానీ కారణాలతో రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. మీదికి దూకినప్పుడు ప్రాణం కాపాడుకోవడానికి కాలిస్తే చట్టం నేరం అనదు. చేను కాపాడుకోవడం ఆ కోవలోకి రాదు. చంపిన జంతువు ప్రభుత్వానిది. మన ఇళ్లలో ఆ మాంసం ప్రసక్తి ఎలాగూ లేదు గానీ, కేసు మాత్రం తిన్నవాడికీ తిననివాడికీ ఒకటే.

తుపాకీ ఫైలు కలెక్టరేట్‌లో, పంది ఫైలు అటవీ శాఖలో. ఈ రెండింటి మధ్య తిరిగే ఓపిక లేక, చాలాచోట్ల రైతు మూడో దారి పడతాడు. మోటారు దగ్గర నుంచి వైరు లాగి చేను చుట్టూ కరెంటు పెడతాడు. తుపాకీ కన్నా ఇది ఎన్నో రెట్లు ప్రమాదం. తుపాకీ వెనక కనీసం ఒక మనిషి కళ్లు ఉంటాయి, కరెంటు తీగకు కళ్లు లేవు. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లిన పక్క చేను కౌలు రైతు, గొర్రెల కాపరి, ఒక్కోసారి వైరు పెట్టినవాడే దానికి బలవుతున్నారు. సోలార్ కంచెలో షాక్ ఉన్నా అది సెకనులో చిన్న ముక్క పాటు వచ్చి ఆగిపోతుంది. జంతువు బెదిరి వెనక్కి పోతుంది. ఇంటి కరెంటు 230 వోల్టులు ఆగకుండా వస్తుంది, పట్టుకున్న చెయ్యి వదలదు. తేడా ఇంతే. కానీ సోలార్ కంచెకు డబ్బు కావాలి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి ఆదుకోవాల్సి వచ్చిన ప్రాంతం ఇది. కౌలు కట్టి సాగు చేసేవాడు ఇంకొకరి పొలానికి కంచె ఎందుకు వేస్తాడు?

అనుమతి ఉంటే కాల్చేదెవరన్నది ఇంకో ప్రశ్న. దీనికి హైదరాబాద్ ఉదాహరణ ఉంది. వేట కుటుంబం నుంచి వచ్చిన నవాబ్ షఫత్ అలీఖాన్‌ను చాలా రాష్ట్రాల అటవీ శాఖలు పిలిపించుకున్నాయి. 2016లో బిహార్‌లోని మొకామా ప్రాంతంలో పంటలు నాశనం చేస్తున్న నీల్‌గాయ్‌లను కాల్చినప్పుడు ఆయన పేరు దేశమంతా వినిపించింది. అక్కడ ఆ జంతువును నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత కాలానికి చంపొచ్చని కేంద్రం ముందే ప్రకటించింది. 2018 నవంబరు 2 రాత్రి మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో అవని అనే ఆడపులిని కాల్చింది ఆయన కొడుకు అస్గర్ అలీఖాన్. యవత్మాల్ కూడా మన గుంటూరులా పత్తి నేలే. 13 మంది చావులకు ఆ పులే కారణమని అధికారులు చెప్పారు. చేలకు వెళ్లాలంటే భయపడిన పల్లెలకు అది ఊరట. అయినా కేంద్రమంత్రిగా ఉన్న మేనకా గాంధీ బహిరంగంగా తప్పుపట్టారు, జాతీయ పులుల సంరక్షణ సంస్థ కమిటీ ఆ రాత్రి పద్ధతులు పాటించలేదని ఎత్తిచూపింది. కాల్చొద్దన్న అభ్యర్థనను సుప్రీంకోర్టు దాకా వినిపించుకోలేదు, అయినా కాల్చిన తీరు మీద ఇంత రచ్చ. అలాంటిది ఏ ఉత్తర్వూ లేకుండా దుర్గి చేలో ట్రిగ్గర్ నొక్కిన రైతు ఎక్కడ నిలబడతాడు?

తుపాకీ సరదా ఉన్నవాళ్లతో మాట్లాడితే సినిమా మాటలు ఉండవు. ఎక్కువగా నూనె, గుడ్డ, తేమ గురించే ఉంటుంది. తోలు కవరులో పెట్టి బీరువాలో దాచడం మొదటి తప్పు. తోలు తేమ పట్టి గొట్టానికి తుప్పు తెస్తుంది. బాపట్ల, చీరాల లాంటి సముద్రపు గాలి ఉన్నచోట అయితే ఒక్క వానాకాలం చాలు. మందు కూరే తుపాకీ పేల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, పలచగా నూనె రాయాలి. కాలిన మందు మసి గాలిలో తేమను లాక్కుని ఇనుమును తినేస్తుంది. నూనె ఎక్కువైనా చిక్కే, దుమ్ము పట్టి జిగురవుతుంది. పన్నెండు బోరు అంటే ఏమిటో కూడా వాళ్ల దగ్గరే తెలుస్తుంది: ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిపితే ఒక పౌను బరువు. అందుకే పన్నెండు కన్నా ఇరవై బోరు గొట్టం సన్నగా ఉంటుంది. తూటాల్లో ఎక్కువగా కనిపించేది పుణె దగ్గరి ఖడ్కీ ప్రభుత్వ కర్మాగారం శక్తిమాన్. విదేశీ తుపాకులు మామూలు పౌరుడు దిగుమతి చేసుకోవడం 1980ల మధ్యలోనే ఆగిపోయింది. అందుకే పాత ఇంగ్లిష్ తుపాకీ ఎవరింట్లోనైనా ఉంటే దాన్ని బంగారంలా చూస్తారు.

వాళ్లు పిల్లలకు మొదట నేర్పేవి నాలుగే. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే లెక్క. గొట్టం మూతి మనిషి వైపు తిరగకూడదు. కాల్చాలని తేల్చుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. గురి వెనక ఏముందో చూడకుండా పేల్చకూడదు. ఈ రెండోది మనకు కొత్త కాదు. తోటి సోదరుడి వైపు ఆయుధం చూపడాన్ని ప్రవక్త ముహమ్మద్ (స) సరదాకైనా వద్దన్నారు. బాణాలు పట్టుకుని మసీదులోకో బజారులోకో వెళ్తే ములుకులు చేత్తో పట్టుకోమన్నారు. మద్రసాలో చదివిన పిల్లలకు ఈ హదీసులు తెలుసు. అదే పిల్లలు రీల్ కోసం తుపాకీని దోస్తు మొహానికి గురిపెట్టి నవ్వుతున్నారు.

ఆ రీల్స్‌లో కనిపించేది చాలావరకు ఎయిర్‌గన్. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల శక్తి దాటనంత వరకు దానికి లైసెన్సు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కొని తెచ్చుకుంటారు. బొమ్మ అనుకుంటే పొరపాటు, కంటికి తగిలితే కన్ను పోతుంది. చిలకను కొడితే వన్యప్రాణి కేసు. అరుణాచల్ ప్రదేశ్‌లో ఈ ఎయిర్‌గన్‌లతో పక్షులు తరిగిపోతున్నాయని 2021లో వాటిని స్వచ్ఛందంగా అప్పగించే కార్యక్రమమే పెట్టారు. ఇక లైసెన్సు తుపాకీ అయితే, పెళ్లిలో గాలిలోకి పేల్చి ప్రాణాలకు ముప్పు తెస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మన బరాత్‌లలో ఇంకా పటాకులే నడుస్తున్నాయి, అంతవరకు నయం. వీడియో చూసినవాడికి ఎయిర్‌గన్నో అసలు తుపాకో తేడా తెలియదు. పట్టుకున్న పిల్లాడి పేరు మాత్రం తెలుస్తుంది. స్టేషన్‌లో అది బొమ్మ తుపాకీ అని తేలేలోపు వాట్సాప్‌లో ఇంకేదో తేలిపోతుంది. ఈ కాలంలో మన తల్లిదండ్రులు దాన్ని మర్చిపోకూడదు.

నిజంగా నిషానా మీద ఇష్టం ఉన్న పిల్లలకు దారి ఉంది. ఎన్‌సీసీలో ఫైరింగ్ నేర్పుతారు. అదే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్‌తో హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. అప్పటికి ఆ అమ్మాయి వయసు ఇరవై కూడా లేదు.

పెద్దల గురించి కూడా ఒక మాట. లైసెన్సుదారు చనిపోతే ఆయనతో పాటే లైసెన్సూ పోతుంది. దాదా గారి తుపాకీ కదా అని బీరువాలో ఉంచేస్తే, అది కుటుంబం దగ్గర లైసెన్సు లేని ఆయుధం అవుతుంది. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం దాన్ని ఆలస్యం చేయకుండా స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో జమ చేయాలి. తర్వాత వారసుల్లో ఒకరు తన పేరు మీద లైసెన్సుకు పెట్టుకోవచ్చు, లేదా అమ్మేయొచ్చు. ఇద్దత్ అయ్యాక చూద్దాం, పంపకాలయ్యాక చూద్దాం అని ఆగితే చిక్కు ఇంట్లో మిగిలినవాళ్లకే.

మళ్లీ ఎన్నికల ఫోన్ దగ్గరికి వద్దాం. సాధారణ ఎన్నికలకు ఎన్నికల సంఘం పెట్టిన పద్ధతి ప్రకారం ప్రతి జిల్లాలో ఒక స్క్రీనింగ్ కమిటీ లైసెన్సులను చూసి, బెయిల్ మీద ఉన్నవాళ్లు, నేర చరిత్ర ఉన్నవాళ్లు, గతంలో అల్లర్లలో ఉన్నవాళ్లు ఎవరో తేల్చి జమ చేయమనాలి. అందరినీ గుంపుగా జమ చేయమనే ఉత్తర్వు చెల్లదని అలహాబాద్ హైకోర్టు 2024లో చెప్పింది. రైఫిల్ సంఘంలో సభ్యత్వం ఉన్న క్రీడాకారులకు మినహాయింపు ఉంది. అయినా మన ఊళ్లలో ఎక్కువమంది వాదన పెట్టుకోకుండా ఇచ్చి వస్తారు, అదీ తెలివైన పనే. ఇచ్చేటప్పుడు తూటా లేదని చూపించి, తుపాకీ నంబరు, తూటాల లెక్క రాసిన రశీదు తీసుకోవాలి. ఫలితాలు వచ్చిన వారానికి తిరిగి ఇవ్వాలన్నది నియమం, అడగకపోతే నెలలు గడుస్తాయి. స్టేషన్ గదిలో ఎవరూ నూనె రాయరు. కాబట్టి ఇచ్చే ముందు రోజే గొట్టం తుడిచి నూనె పట్టించి, తోలు కవరు ఇంట్లోనే వదిలి వెళ్లాలి.