ఆరు పెట్టెల తీర్పు

రక్షకభటాధికారిని ప్రజలే యెన్నుకొన్నచో అతడు ప్రజలకు లోబడి యుండునని పలువురు తలంతురు. అమెరికాలో పెక్కు కౌంటీలయందు ఈ పద్ధతియే కలదు. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. దాని పోలీసు పెద్దను షెరీఫు అందురు. ఒక పార్టీ టిక్కెట్టుకై పలువురు పోటీపడినప్పుడు, వారిలో నొకరిని ఓటర్లే ప్రైమరీ యను తొలి ఎన్నికలో నిర్ణయింతురు. అయితే ఎన్నిక యున్నంతమాత్రమున అధికారికి వినయము కలుగునా? అలబామా రాష్ట్రమందలి డల్లాస్ కౌంటీ చరిత్ర ఇందులకు సమాధానము చెప్పుచున్నది.

ఆ కౌంటీకి ముఖ్యపట్టణము సెల్మా. 1955 మొదలు అచట జిమ్ క్లార్క్ షెరీఫు. అతడును ఎన్నికలలో గెలిచినవాడే. కాని కౌంటీ జనులలో సగమునకు మించిన నల్లజాతివారిలో ఓటరు జాబితా కెక్కినవారు నూటికి ముగ్గురైనను లేరు. నమోదు కార్యాలయమును నెలకు రెండు దినములే తెఱచెడివారు. వచ్చినవారిని అక్షరాస్యతా పరీక్షల నెపమున త్రిప్పి పంపెడివారు. ‘ఎన్నటికిని జరుగదు’ అను బిళ్ళను క్లార్క్ తన దుస్తులపై ధరించెను. 1965 మార్చి 7న ఓటుహక్కు కోరుచు ఎడ్మండ్ పెట్టస్ వంతెనపై నడచిన దాదాపు 600 మందిని రాష్ట్ర పోలీసులతోపాటు అతని గుఱ్ఱపు దళమును చావగొట్టెను.

ఆ యేడు ఆగస్టు 6న ఓటుహక్కుల చట్టము వచ్చెను. కేంద్రాధికారులు సెల్మాకు పోయి వేలకొలది పేర్లను జాబితా కెక్కించిరి. 1966 మే 3న జరిగిన డెమొక్రటిక్ ప్రైమరీలో నగర రక్షణాధికారి విల్సన్ బేకర్ క్లార్కుతో పోటీపడెను. నాడు ఆ ప్రాంతమున ఆ ప్రైమరీలో గెలిచినవానికే పదవి దక్కుట పరిపాటి. బేకర్ సంస్కర్త కాడు. అయినను లాఠీకంటె ఓర్పును నమ్మినవాడు. నల్లజాతి ఓటర్లు ఆదర్శపురుషునికై వేచి యుండక, ఉన్న యిద్దఱిలో మేలైనవాని నెంచుకొనిరి. అంతట స్థానిక పార్టీ కార్యవర్గము, ఏవో లోపములున్నవని, వారు ఎక్కువగా ఓటు వేసిన ఆరు పెట్టెలను త్రోసిపుచ్చెను. ఫెడరల్ న్యాయమూర్తి డేనియల్ థామస్ వానిని లెక్కింప నాజ్ఞాపించెను. బేకర్ గెలిచెను. ఓటర్లు తన పేరును చేతితో వ్రాసి ఓటు వేయవలెనని కోరుచు క్లార్క్ నవంబరులో మఱల నిలిచి, మఱల ఓడెను.

పదవి మాఱలేదు, ఎన్నికపద్ధతి మాఱలేదు; జాబితా మాఱినది. అంతవఱకు క్లార్కును గెలిపించిన ప్రైమరీయే అతనిని ఇంటికి పంపినది. ఎన్నికైన అధికారి ఓట్లకై చట్టమును వంచునని కొందఱు వాదింతురు. నియమితుడైన అధికారి పైవాని మెప్పుకై వంచడా? కావున ఎన్నికయా, నియామకమా యనునది రెండవ ప్రశ్న. బలహీనుని పేరు లెక్కలో నున్నదా యనునది మొదటిది.

మన రాజ్యాంగము అక్షరము రానివానికిని ఓటు నొసగినది. 1951-52 నాటి తొలి సాధారణ ఎన్నికలలోనే అతడు దానిని వినియోగించెను. నేడు ఆ జాబితాలు పట్టుకొని ఇల్లిల్లు తిరుగువారిలో ఉపాధ్యాయులు పెక్కుమంది. ఎండలో ఆ పని విసుగు పుట్టించుట సహజమే. కాని గూడెములో చివరి యింటి తలుపు తట్టక వెనుదిరుగబోవునప్పుడు, సెల్మాలోని ఆ ఆరు పెట్టెలను ఒక్కసారి తలచుకొనవలెను.