వంటింటి ఇంజనీరు: పొంగి కుంగిన రొట్టె

వంటింటి యంత్రాలతో నా కుస్తీలు ఏటా ఈ పేజీలో నేను రాయడం, అవి చదివి మీరు మా శ్రీమతి మీద జాలిపడడం ఆనవాయితీ అయిపోయింది. కిందటేడు వెట్ గ్రైండరు కథ చెప్పాను. ఈసారి బ్రెడ్ మెషీను.

నవంబరులో మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి నాలుగు నెలలు మా దగ్గరున్నారు. వయసు డెబ్భై ఎనిమిది. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. కట్టుడు పళ్ళు కుదరక చపాతీ నమలలేరు. రాత్రి అన్నం మానేసి చాలా కాలమైంది. పొద్దున మూడు ముక్కలు, రాత్రి మూడు ముక్కలు బ్రెడ్డు పాలల్లో ముంచుకు తింటారు. మన వైపు బ్రెడ్డంటే జ్వరప్పథ్యమని మీకు తెలుసు. ఊరి నుంచి ఫోను చేసినవాళ్ళకి "బ్రెడ్డు తింటున్నాను" అని ఆయన చెప్పగానే, అవతల కంగారుగా "ఎన్నాళ్ళయింది జ్వరం?" అని అడిగేవారు.

జ్వరం లేదుగాని బి.పి. ఉంది. పాదాలు వాస్తున్నాయి. మా శ్రీమతి డాక్టరు. మామగారి భోజనంలో ఉప్పు లెక్క కట్టడం మొదలుపెట్టింది. ఆయన పాపం అప్పటికే ఆవకాయ మానేశారు. పెద్ద త్యాగమే చేశాననుకుంటున్నారు. తీరా చూస్తే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. నా మెషీను పుస్తకంలో 400 గ్రాముల పిండికి 8 గ్రాముల ఉప్పు వేయమని ఉంది. ఆ బ్రెడ్డును పన్నెండు ముక్కలు కోస్తే ఆరు ముక్కల్లో 4 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలంటుంది. ఉప్పు రుచే తెలియని బ్రెడ్డులో ఇంత ఉందని ఎవరనుకుంటారు? "కొన్న బ్రెడ్డయితే నా చేతిలో ఉండదు. ఇంట్లో చేసేది కాబట్టి మీరే తగ్గించండి" అంది.

తగ్గించమంటే నేను తీసే పారేశాను. ఇంజనీర్లతో వచ్చే చిక్కే ఇది.

మర్నాడు బ్రెడ్డు మూత అద్దానికి తగిలేంత పొంగింది. నేను మురిసిపోయాను. కాలడం మొదలయ్యాక చూస్తే నడుమ గుంట పడి, మా సెంగ్‌కాంగ్ ఫ్లాటు వంటింట్లో చిన్న చెరువు వెలిసింది. ఈస్టు చచ్చిందనుకుని రెండో రోజు ఇంకాస్త ఎక్కువ వేశాను. చెరువు పెద్దదయింది. నీళ్ళెక్కువయ్యాయనుకుని మూడో రోజు తగ్గించాను. ఇటుక వచ్చింది. గోధుమపిండి ఆరోగ్యమని నాలుగో రోజు సెరంగూన్ రోడ్డు నుంచి తెచ్చిన ఆటాతో చేశాను. ఆ ఇటుకతో గోడే కట్టచ్చు. నాన్నగారు ఏమీ అనలేదు. పాలు మాత్రం తాగి, "ఆకలిగా లేదురా" అని లేచిపోయేవారు. పది రోజుల్లో కిలోన్నర తగ్గారు. ఆ సంగతి మా ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. అప్పటిదాకా అది నాకు ఓ సరదా ప్రయోగం.

ఆ రాత్రి ఆయనే ఒక రూళ్ళ నోటుబుక్కు పట్టుకొచ్చి కూర్చున్నారు. "ఒరేయ్, రోజూ మూడు మారుస్తున్నావు. తప్పెక్కడుందో ఎలా తెలుస్తుంది? ఒక్కటే మార్చు, రాయి." తేదీ, వంటింటి వేడి, నీళ్ళు, ఈస్టు, ఉప్పు, స్కేలుతో కొలిచిన బ్రెడ్డు ఎత్తు, చివర వందకు మార్కులు అని గీతలు గీశారు. ముప్పై అయిదు వస్తే పాసట. మొదటి బ్రెడ్డుకి పన్నెండు వేశారు.

రాసుకుంటూ పోతే మొదట బయటపడిన నిందితుడు వేడి. మన మెషీనుకు వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. పైగా అది పిండి ఎంత పొంగిందో చూడదు, గడియారాన్నే చూస్తుంది. దాని పుస్తకం 20 డిగ్రీల వంటింటి కోసం రాసింది. మన వంటింట్లో 30. పిండి 30, కుళాయి నీళ్ళూ దాదాపు అంతే. థర్మామీటరు గుచ్చి చూస్తే కలిపిన పిండి ముద్ద 33 ఉంది. మోటారు రాపిడికి ఆ వేడి. బేకర్లు 24 నుంచి 27 మధ్య ఉండాలంటారు. 33 దగ్గర ఈస్టు గంట పనిని అరగంటలో ముగించేసి, కాలే సమయానికి నీరసపడుతుంది. గోడలు గట్టిపడకముందే పైకప్పు కూలుతుంది.

దీనికి బేకర్ల దగ్గర ఒక లెక్క ఉంది. కావలసిన వేడిని మూడుతో హెచ్చవేసి, అందులోంచి గది వేడి, పిండి వేడి, రాపిడి తీసేస్తే నీళ్ళ వేడి వస్తుంది. నా మెషీను రాపిడి 9 అని తేలింది. 26 కావాలంటే 78 లోంచి 30, 30, 9 పోగా మిగిలింది 9. అంటే ఫ్రిజ్ నీళ్ళే! కొన్ని మెషీన్లు కలపబోయే ముందు అరగంట ఊరకే కూర్చుంటాయి. అలాంటిదైతే నీళ్ళ చల్లదనం ఆవిరైపోతుంది, పిండిని కూడా ఫ్రిజ్‌లో పెట్టండి.

అన్నట్టు, ఇంటి బ్రెడ్ మెషీనును 1987లో జపాన్‌లో మత్సుషిత కంపెనీ తెచ్చింది (2008 నుంచి దాని పేరు పానసోనిక్). వాళ్ళ తొలి నమూనాల బ్రెడ్డు కూడా బయట మాడి లోపల పచ్చిగా ఉండేదట. సాఫ్ట్‌వేర్ రాసే ఇకుకో తనకా అనే ఆవిడ ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్ బేకరు దగ్గర శిష్యరికం చేసి, ఆయన పిండిని కలపడమే కాక మెలితిప్పి సాగదీస్తాడని కనిపెట్టింది. ఆ మెలిక కోసం గిన్నె లోపల గట్లు పెట్టారు. తర్వాత వాళ్ళకూ వేడే తలనొప్పి అయి, ఈస్టును ఆలస్యంగా వేసే పద్ధతి పట్టుకున్నారు. నా మెషీనులో ఆ డబ్బా లేదు. అన్నీ ఒకేసారి వేయాల్సిందే.

రెండో నిందితుడు నేనే. ఉప్పు రుచికే అనుకున్నాను. అది ఈస్టుకు కళ్ళెం, గోధుమలోని జిగురుకు బలం. కళ్ళెం విప్పితే గుర్రం పరుగెత్తి పడింది. ఇటలీలో టస్కనీ వాళ్ళు తరతరాలుగా ఉప్పు లేని బ్రెడ్డే తింటారు. కాని వాళ్ళది పులిసిన పిండితో నిదానంగా చేసే పని, నాలుగు గంటల మెషీను పని కాదు. మేము ఒక్కో గ్రాము తగ్గిస్తూ వచ్చి 4 గ్రాముల దగ్గర ఆగాం. ఉప్పు సగమైనప్పుడు ఈస్టూ సగం కావాలి. చెంచా నుంచి అరచెంచాకు దిగాం. నాన్నగారి ఆరు ముక్కల్లో ఇప్పుడు 2 గ్రాములు. ఆ రోజు నోటుబుక్కులో అరవై రెండు మార్కులు పడ్డాయి. మూడు ముక్కలూ తిని నాలుగోది అడిగారు. మా ఆవిడ లెక్క చూసి అర ముక్కకు అనుమతించింది.

మిగతావి చిన్నవే. కప్పుతో కొలవకండి. అదే కప్పులో వదులుగా పోస్తే 120 గ్రాములు, అదిమితే 150. త్రాసు కొనండి. కలపడం మొదలైన పది నిమిషాలకు మూత తీసి చూడండి, పాపం లేదు. పిండి ముద్ద నున్నగా, వేలికి కాస్త అంటీ అంటనట్టు ఉండాలి. అడుగున పరుచుకుపోతే చెంచా పిండి, మోటారు మూలుగుతుంటే చెంచా నీళ్ళు. మన తేమకు పిండి ముందే కాస్త నీళ్ళు పీల్చుకుని ఉంటుంది కాబట్టి పుస్తకం చెప్పినదానికన్నా పది గ్రాములు తక్కువతో మొదలుపెట్టడం మేలు. విప్పిన ఈస్టు పొట్లం అలమరలో పెడితే నెల తిరిగేసరికి చస్తుంది. గాలి చొరని సీసాలో ఫ్రీజరులో ఉంచండి. ఆటా కావాలంటే మూడోవంతుకు మించకండి. దాని తవుడు జిగురు పోగుల్ని కోసేస్తుంది, రాతి మరలో నలిగిన పిండి నీళ్ళెక్కువ తాగుతుంది. మిగతాది సూపర్‌మార్కెట్లో బ్రెడ్ ఫ్లోర్ అని అమ్మేది. మైదాతో కూడా వస్తుందిగాని పొట్టిగా వస్తుంది.

కాలగానే గిన్నెలోంచి తీసి కమ్మీల మీద పెట్టండి. ఆవిరి పోక పక్కలు కుంగేది అందుకే. గంట ఆగి కోయండి. వేడిగా కోసి "లోపల పచ్చి" అని నాకు ఫోను చేసినవారు ముగ్గురున్నారు, పేర్లు చెప్పను. బల్ల మీద వదిలేస్తే మూడో రోజుకు బూజు, ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది. ముక్కలు కోసి ఫ్రీజరులో పెట్టడమే దారి.

నాన్నగారు మార్చిలో వెళ్ళిపోయారు. పాదాల వాపు తగ్గింది. పోయిన కిలోన్నర తిరిగొచ్చింది. నోటుబుక్కు తనతో పట్టుకెళ్ళారు, మెషీను మాత్రం వద్దన్నారు. పిండి కలిపే రెక్క బ్రెడ్డు అడుగున ఇరుక్కుపోవడమొక్కటే నేను ఈనాటికీ తీర్చలేకపోయిన సమస్య. ఒక రోజు నేను చూసుకోకుండా ఆఫీసుకు పరుగెత్తితే, అది ఆయన కత్తికి ఖణేలుమని తగిలింది. ఇప్పుడు పొద్దున్నే ఫోను చేస్తే కుశలప్రశ్నల కన్నా ముందు ఆయన అడిగేది ఒక్కటే: "రెక్క తీశావా?"