విమానం నడిపేవాడి జీతం ఎందుకు దిగింది?

పైలట్ అనగానే మనందరికీ ఒక బొమ్మ కనిపిస్తుంది. తెల్ల చొక్కా, భుజం మీద నాలుగు గీతలు, చక్రాల పెట్టె లాక్కుంటూ ఎయిర్‌పోర్ట్‌లో దర్జాగా నడిచిపోయే మనిషి. చిన్నప్పుడు మనలో సగం మందికి మొదటి కల అదే. కళ్ళజోడు వచ్చాక అది పోయి సాఫ్ట్‌వేర్ మిగిలింది, అది వేరే సంగతి!

ఆ బొమ్మకీ, అమెరికాలో పైలట్ల జీతాల చరిత్రకీ అస్సలు పొత్తు కుదరదు. 2009 జనవరి 15న రెండు ఇంజన్లూ పోయిన విమానాన్ని న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దించి 155 మందినీ బతికించిన కెప్టెన్ సలెన్‌బర్గర్ గుర్తున్నాడు కదా? ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. నెలన్నర తిరక్కుండానే ఆయన అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని చెప్పిందేమిటంటే, తన జీతంలో 40 శాతం కోత పడిందని, పెన్షన్ పోయిందని, తనకి తెలిసిన పైలట్లలో ఒక్కరు కూడా తమ పిల్లలు ఈ వృత్తిలోకి రావాలని కోరుకోవటం లేదని.

అంత నైపుణ్యం, అంత బాధ్యత ఉన్న ఉద్యోగానికి ఇలా ఎందుకయింది? నా వాదన ముందే చెప్పేస్తాను. జీతం నైపుణ్యానికీ కాదు, బాధ్యతకీ కాదు. "ఇవ్వకపోతే పోతాను" అని చెప్పి, నిజంగా పోగలిగే శక్తికి. పైలట్ల దగ్గర లేకుండా పోయింది అదే.

మన ఫీల్డ్ వాళ్ళని అడిగితే వెంటనే వచ్చే జవాబు "ఆటోమేషన్". కొంత నిజమే. 1980ల మొదట్లో బోయింగ్ 757, 767 లాంటివి ఇద్దరితోనే నడిచేలా వచ్చాయి. కాక్‌పిట్‌లో మూడో సీటు, అంటే ఫ్లైట్ ఇంజనీర్ ఉద్యోగం, మెల్లగా మాయమైపోయింది. కానీ మిగిలిన ఇద్దరి పని తేలికైందని వాళ్ళ జీతం తగ్గించారనుకోవటం తప్పు. ముగ్గురు చేసే పని ఇద్దరు చేస్తున్నారు కాబట్టి ఆ లెక్కన జీతం పెరగాలి! రెండో జవాబు "సెప్టెంబర్ 11". అది దెబ్బే, కానీ కోతలు దానికి 18 ఏళ్ళ ముందే మొదలయ్యాయి.

అసలు కథ 1978 అక్టోబర్‌లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన డీరెగ్యులేషన్ చట్టంతో మొదలవుతుంది. అంతకు ముందు ఏ కంపెనీ ఏ రూట్‌లో తిరగాలి, టికెట్ ఎంత అన్నది సివిల్ ఏరోనాటిక్స్ బోర్డ్ అనే ప్రభుత్వ సంస్థ తేల్చేది. కంపెనీలు ధరల్లో పోటీ పడటానికి వీల్లేదు. పైలట్లు జీతం పెంచమంటే పెంచేవాళ్ళు, ఆ ఖర్చు చూపించి టికెట్ పెంచుకునేవాళ్ళు. ఎదుటి కంపెనీ కూడా అదే పని చేస్తుంది కాబట్టి నష్టం లేదు. నష్టమల్లా టికెట్ కొనేవాడికే. ఇది చాలా సుఖమైన ఏర్పాటు, న్యాయమైన ఏర్పాటు అని మాత్రం నేననను.

చట్టం మారాక కొత్త కంపెనీలు వచ్చాయి. వాటికి యూనియన్ లేదు, పాత జీతాలు లేవు, టికెట్ చవక. విమానం అందరికీ ఒకే రేటు, ఇంధనం అందరికీ ఒకే రేటు. కంపెనీ చేతిలో తగ్గించుకోగలిగింది ఒకటే మిగిలింది, మనుషుల ఖర్చు.

1983లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, రాబర్ట్ క్రాండల్ నడిపే అమెరికన్ ఎయిర్‌లైన్స్ "బి స్కేల్" తెచ్చింది. పాతవాళ్ళ జీతం ముట్టుకోరు, కొత్తగా చేరేవాళ్ళకి మాత్రం చాలా తక్కువ. యూనియన్‌లో ఓటు వేసేది పాతవాళ్ళు, నష్టపోయేది ఇంకా చేరనివాళ్ళు. ఒప్పుకోక చస్తారా! రెండోది ఇంకా ఘోరం. ఫ్రాంక్ లొరెంజో చేతిలో ఉన్న కాంటినెంటల్ సెప్టెంబర్‌లో దివాలా పిటిషన్ వేసి, యూనియన్ ఒప్పందాలు చించి అవతల పారేసి, మూడు రోజుల్లో మళ్ళీ విమానాలు ఎగరేసింది. పైలట్లకి ఇచ్చింది దాదాపు సగం జీతం. పైలట్లు 1985 దాకా సమ్మె చేశారు, ఓడిపోయారు. దివాలా కోర్టుని ఇలా కూడా వాడుకోవచ్చని కార్పొరేట్ లోకానికి ఆ రోజు తెలిసింది. మరుసటి ఏడే కాంగ్రెస్ ఆ చట్టం బిగించింది కానీ తలుపు పూర్తిగా మూయలేదు.

"అంత తక్కువిస్తే వేరే కంపెనీకి పోవచ్చుగా?" అని అడుగుతారు మీరు. అసలు కీలకం ఇక్కడే ఉంది.

మనం ఒకచోట అయిదేళ్ళు చేసి ఇంకోచోట చేరితే, అయిదేళ్ళ అనుభవానికి విలువ కడతారు. హైక్ కూడా అడుగుతాం, మన అలవాటే అది. అమెరికాలో ఎయిర్‌లైన్ పైలట్‌కి ఆ వీలు లేదు. అక్కడ అంతా సీనియారిటీ నంబర్. ఏ విమానం నడపాలి, కెప్టెన్ ఎప్పుడవుతావు, ఏ ఊళ్ళో ఉంటావు, క్రిస్మస్‌కి ఇంట్లో ఉంటావా లేదా, అన్నీ ఆ నంబరే చెబుతుంది. ఆ నంబర్ ఆ కంపెనీకే పరిమితం. యునైటెడ్‌లో 20 ఏళ్ళ కెప్టెన్ డెల్టాకి మారితే అక్కడ లిస్టులో అందరికంటే కింద, కోపైలట్‌గా, మొదటి ఏడాది జీతంతో మొదలుపెట్టాలి. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాళ్ళకి ఈ బాధ తెలిసినట్టే ఉంటుంది కానీ, మనకి ఐ-140 అప్రూవ్ అయ్యాక కంపెనీ మారినా ప్రయారిటీ డేట్ సాధారణంగా మన వెంటే వస్తుంది. పైలట్‌కి అది కూడా రాదు.

విచిత్రం ఏమిటంటే ఈ సీనియారిటీ పద్ధతిని కంటికి రెప్పలా కాపాడుకున్నది పైలట్ల యూనియన్లే. మేనేజర్ తన ఇష్టం వచ్చినవాడికి ప్రమోషన్ ఇవ్వకుండా అడ్డుకట్ట వేసుకున్నారు. కంపెనీ బాగున్నంతకాలం అది గొడుగు. కంపెనీ మునిగేటప్పుడు అదే కాలికి కట్టిన బండరాయి. పోలేనివాడితో బేరం ఎలా ఉంటుందో చెప్పాలా? "నీ దిక్కున్నచోట చెప్పుకో" అన్నట్టే ఉంటుంది. సరే సమ్మె చేద్దామన్నా రైల్వే లేబర్ యాక్ట్ అనే 1926 నాటి చట్టం ఎయిర్‌లైన్స్‌కీ వర్తిస్తుంది. ఒప్పందం గడువు దాటినా పాతదే నడుస్తుంది, మధ్యవర్తి బోర్డు వదిలేదాకా సమ్మె కుదరదు.

ఇక 2000ల దశాబ్దం. యూఎస్ ఎయిర్‌వేస్ 2002లో ఒకసారి, 2004లో ఇంకోసారి దివాలా. యునైటెడ్ 2002 డిసెంబర్‌లో. డెల్టా, నార్త్‌వెస్ట్ రెండూ 2005 సెప్టెంబర్ 14న, ఒకే రోజు. డెల్టా పైలట్లు 2004లో 32.5 శాతం కోతకి ఒప్పుకున్నారు, దివాలా తప్పుతుందని. తప్పలేదు. 2006లో ఇంకో 14 శాతం పోయింది.

యునైటెడ్ వాళ్ళది ఇంకో రకం దెబ్బ. 1994లో జీతాలు తగ్గించుకుని బదులుగా కంపెనీలో 55 శాతం వాటా తీసుకున్నారు, పైలట్లూ మరికొందరు ఉద్యోగులూ కలిసి. "ఇక కంపెనీ మనదే" అనుకున్నారు. దివాలాతో ఆ షేర్లు చిత్తుకాగితాలయ్యాయి. 2005లో పెన్షన్ పథకాలు కూడా వదిలించుకుని పీబీజీసీ అనే ప్రభుత్వ బీమా సంస్థ నెత్తిన పెట్టింది కంపెనీ. ఇక్కడ చూడండి తమాషా. అప్పట్లో పైలట్ 60 ఏళ్ళకి దిగిపోవాలని ఎఫ్‌ఏఏ నిబంధన. పీబీజీసీ ఏమో 65కి రిటైరైతే ఏడాదికి గరిష్ఠంగా 45 వేల 600 డాలర్ల చిల్లర ఇస్తానంది, 60కే రిటైరైతే "ముందుగా మానేశావు" అని 30 వేల లోపు. ఒక ప్రభుత్వ శాఖ బలవంతంగా దింపేస్తే, ఇంకో ప్రభుత్వ శాఖ తొందరగా దిగావని కోత కోసిందన్నమాట! ఆ వయసు 65కి పెరిగింది 2007 డిసెంబర్‌లో, ఈ గొడవంతా అయిపోయాక.

ఇవన్నీ పెద్ద కంపెనీల సంగతులు. అసలు అడుగు నేల రీజనల్ ఎయిర్‌లైన్స్‌లో కనిపిస్తుంది. విమానం మీద పెద్ద కంపెనీ పేరు, రంగులు. టికెట్ అమ్మేది వాళ్ళే. నడిపేది మాత్రం ఎవరూ పేరు వినని చిన్న కంపెనీ. క్లయింట్ బ్యాడ్జి మెళ్ళో వేసుకుని జీతం కన్సల్టెన్సీ దగ్గర తీసుకునే మనవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ చిన్న కంపెనీలు కాంట్రాక్ట్ కోసం నేనంటే నేనని రేటు తగ్గించుకుంటాయి. 2000ల చివరికి అమెరికాలో లోపల తిరిగే విమానాల్లో దాదాపు సగం ఇలాంటివే. కొత్త కోపైలట్‌కి గంటకి 20 డాలర్లు, కాస్త అటూ ఇటూ. గంటంటే డ్యూటీ గంట కాదండోయ్, విమానం కదిలి మళ్ళీ ఆగే దాకానే. నెలకి 75, 80 గంటలు. లెక్క మీరే వేసుకోండి. ట్రైనింగ్ అప్పు లక్ష డాలర్ల దాకా ఉంటుందని కూడా కలుపుకోండి.

2009 ఫిబ్రవరి 12న బఫలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. విమానం మీద ఉన్న పేరు కాంటినెంటల్ కనెక్షన్. స్టాల్ హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ చెయ్యాల్సినదానికి విరుద్ధంగా చేశాడని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. అదే కారణం, దాన్ని పక్కకి నెట్టక్కర్లేదు. కానీ విచారణలో ఇంకొన్ని విషయాలు బయటపడ్డాయి. కోపైలట్ సియాటిల్ దగ్గర ఉంటూ రాత్రంతా వేరే విమానాల్లో ప్రయాణం చేసి నెవార్క్ డ్యూటీకి వచ్చింది. ఆమె జీతం ఏడాదికి 16 వేల డాలర్లన్న అంకె ఆ విచారణలోనే వినిపించింది. కంపెనీ తర్వాత సవరించి అంతకంటే ఎక్కువే అన్నా, ఆ జీతంతో నెవార్క్ చుట్టుపక్కల ఇల్లు తీసుకోవటం కష్టమే. చవక అనేది ఎక్కడో ఒకచోట తేలుతుంది కదా.

ఆ మృతుల కుటుంబాలు పట్టుబట్టి 2010లో చట్టం తెప్పించాయి. 2013 నుంచి ఎయిర్‌లైన్‌లో కోపైలట్‌కి కూడా సాధారణంగా 1500 గంటల అనుభవం ఉండాలి. అంతకు ముందు 250 గంటలతో కూర్చోవచ్చు. దాంతో కొత్తవాళ్ళు దొరకటం కష్టమైంది. ఇంకోపక్క విలీనాలతో పెద్ద కంపెనీలు నాలుగుకి వచ్చి లాభాలు మొదలయ్యాయి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు వేలమంది సీనియర్లని డబ్బిచ్చి ముందే ఇంటికి పంపేశారు. జనం మళ్ళీ ఎక్కటం మొదలుపెట్టేసరికి నడిపేవాళ్ళు లేరు.

అప్పుడేమైంది? 2022లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత రీజనల్ కంపెనీల్లో కొత్త కోపైలట్ రేటు గంటకి 90 డాలర్లకి పోయింది. 2023లో డెల్టా పైలట్లకి నాలుగేళ్ళలో 34 శాతం, యునైటెడ్ వాళ్ళకి 40 శాతం దాకా పెంపు. పెద్ద విమానాల కెప్టెన్ రేటు ఇప్పుడు గంటకి 400 డాలర్లు దాటింది. 2009లో పనికీ 2023లో పనికీ తేడా ఏమిటి? విమానం అదే, ఆకాశం అదే. పోయేవాడికి దారి, దొరకని మనిషికి గిరాకీ వచ్చాయి, అంతే.

"టికెట్లు చవకయ్యాయి కదా, మంచిదే కదా" అంటే, నిజంగా మంచిదే. ద్రవ్యోల్బణం లెక్కేస్తే అమెరికాలో టికెట్ ధర 1978 నుంచి దాదాపు సగానికి దిగింది. పాత పద్ధతే ఉంటే ఇంతమంది విమానం మొహం చూసేవాళ్ళు కాదు. దాన్ని కాదనటం ఏసీ గదిలో కబుర్లు చెప్పటమే. నా అభ్యంతరం "మార్కెట్ నిర్ణయించింది" అన్న మాట మీద. 1978 చట్టం, దివాలా చట్టం, సమ్మె చట్టం, 1500 గంటల చట్టం... ఇన్ని చట్టాలు వంటచేస్తే వడ్డించింది మాత్రం మార్కెట్ అంటే ఎలా?

మన దగ్గర కూడా చూడండి. నోటీస్ పీరియడ్ 90 రోజులని మనం గోల పెడతాం. 2017లో డీజీసీఏ కెప్టెన్లకి దాన్ని ఏడాది చేసింది, కోపైలట్లకి ఆరు నెలలు. జీతాలు ఆపటం మాత్రం అంత కష్టం కాలేదు. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో ఆగిపోయే ముందు నెలల తరబడి బకాయిలు పెట్టాయి.

ఇదంతా మనకెందుకంటే, "స్కిల్ ఉంటే చాలు, మనల్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు" అని మన ఫీల్డ్‌లో ఒక గట్టి నమ్మకం. సలెన్‌బర్గర్ కంటే స్కిల్ ఉందా మనకి? ఇన్నాళ్ళూ మనల్ని కాపాడింది కోడ్ కాదు, పక్క కంపెనీలో ఖాళీ. ఏఐ పేరు చెప్పి ఆ ఖాళీలు తగ్గుతున్న రోజులివి. నాలుగేళ్ళ తర్వాత చేతికొచ్చే స్టాక్, బాండ్, "వచ్చే సైకిల్‌లో చూద్దాం" అన్న ప్రమోషన్, ఇవన్నీ మనం కంపెనీకి ఇచ్చిన అప్పులు. యునైటెడ్ పైలట్లు కూడా అలాగే ఇచ్చారు. జీతం లెక్కేసుకునేటప్పుడు వాటిని పక్కన పెట్టి, చేతికొచ్చిందాన్నే లెక్కేసుకోండి. ఆఫర్ లెటర్‌లో అంకె చూసే ముందు, వదిలి వెళ్ళాలంటే ఏం పోగొట్టుకోవాలో చెప్పే పేజీ చదవండి. సాధారణంగా అది చివర్లో, చిన్నక్షరాల్లో ఉంటుంది.