వాన కబురు చెప్పువారెక్కడ?

కార్తికమాసమున ఐనవిల్లి చేలగట్టుపై నిలిచిన రైతు మబ్బువైపు చూచి అడుగు ప్రశ్న యొక్కటే: నేడు కోయవచ్చునా, కూడదా? కోసిన వరి పనలమీద నుండగా వాన కురిసినచో గింజ మొలకెత్తును. కోయక విడిచినచో పైరు నేలకొరగును. ఒక్కదినపు పొరపాటు ఏడాది కష్టమును హరించును.

ఇట్టి ప్రశ్నలకు జిల్లాలోనే సమాధానము చెప్పు ఏర్పాటు 2018లో ఆరంభమయ్యెను. దేశమున 199 జిల్లాలలో, కృషి విజ్ఞాన కేంద్రములయందు, వ్యవసాయ వాతావరణ విభాగములు వెలసినవి. అందలి శాస్త్రజ్ఞులు ప్రతి మంగళ, శుక్రవారములందు వాతావరణ సూచనను పైరు దశతో సరిచూచి, ఎప్పుడు మందు చల్లవలెనో, ఎప్పుడు కోత ఆపవలెనో రైతుల భాషలో తెలుపుచుండిరి. 2024 మార్చి చివర కేంద్ర వాతావరణ శాఖ ఈ విభాగములను మూసివేసి, అందలి తాత్కాలికోద్యోగులను పంపివేసెను. ఆ భారము పలు జిల్లాలకొక్కటిగా నున్న 130 పాత కేంద్రములపై బడెను.

యంత్రములే ఎండవానలను లెక్కించుచుండగా మనుష్యులెందులకని కొందరందురు. ఈ వాదము మాకు సమ్మతము గాదు. యంత్రము వానను కొలుచును; ఏ చేను పాలుపోసికొనుచున్నదో, ఏ లంకలో నీరు నిలుచునో అది యెరుగదు. ఆ యెరుక గలవానిని తొలగించి మిగిల్చిన జీతమెంత? ఆ యేడాది సెప్టెంబరులోనే రాడారులకు, గణనయంత్రములకు, ఇతర సాధనములకు 2,000 కోట్ల రూపాయలతో ‘మిషన్ మౌసమ్’ ఆమోదము పొందెను. సాధనములు వలసినవే. కాని బావి లోతుగా త్రవ్వి, చేదను అమ్ముకొన్నవానికి దాహము తీరునా?

1996 నవంబరు 6వ తేదీ తుపాను గోదావరి సీమలో వేయిమందికి పైగా పొట్టనబెట్టుకొన్నది. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరము దాటునప్పటికి, దాని రాక కొన్ని దినముల ముందే తెలిసియుండెను. పెక్కు ప్రాణములు దక్కెను. పైరులు మాత్రము దక్కలేదు. తుపానునాపుట యెవరితరము? నిలిచిన నీరు తీయుటెప్పుడు, ఒరిగిన వరిని లేపి కట్టుటెట్లు అని చెప్పువాడు దగ్గరనుండిన నష్టము కొంతయైన తగ్గును.

అమెరికాలోను 2025లో జాతీయ వాతావరణ శాఖ సిబ్బందిని వందలకొలది తగ్గించి, కొన్ని నెలలకే మరల నియామకములకు అనుమతింపవలసి వచ్చెను. ఆ పాఠము మనకు చాలదా?

పునర్వ్యవస్థీకరణము వలదని మేమనము. దుబారా నరికివేయుడు, వేరు నరుకకుడు. ఆ విభాగములను తిరిగి తెరచి, నిపుణులకు స్థిరమైన ఉద్యోగములిచ్చి, 2022లో ప్రత్యేక జిల్లాయైన కోనసీమకును ఒకటి యుండునట్లు చూచుట ప్రభుత్వము విధి. అడిగి సాధించుకొనుట మన విధి.